చార్టులు పిల్లల కంటికి అందాలి
గోడల నిండా రంగురంగుల చార్టులు ఉంటే చాలు, చిన్నపిల్లలు చూస్తూ చూస్తూ వాళ్లే నేర్చేసుకుంటారని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు, ఈ మాట నేను ఒప్పుకోను. చాలా బడుల్లో ఆ చార్టులు పెద్దవాళ్ల తలకంటే ఎత్తులో, చిరిగిపోతాయని ఇంకా పైకి కట్టేసి ఉంటాయి, ఒకటో తరగతి పిల్లకి అవి కనపడేదెలా? చిత్తూరు దగ్గర మా పల్లె బడిలో గోడకి మూడడుగుల ఎత్తులో పురికొస కట్టి బట్టల క్లిప్పులు పెట్టాను, ఏ వారం నేర్చుకునే అక్షరాలు ఆ వారమే తగిలిస్తాం, పిల్లలు తీసి పక్కవాళ్లకి చూపించొచ్చు కూడా. కార్డులకి డబ్బు అక్కర్లేదు. పాత క్యాలెండర్లలో (దేవుడి బొమ్మ ఉన్న పేజీలు మాత్రం కత్తిరించం) పెద్ద అంకెలున్న తేదీల గళ్లు కత్తిరిస్తే 1 నుంచి 31 వరకు అంకెల కార్డులు తయారు. లెక్కలకైతే చింతగింజలు, మా వైపు వాటికి కొదవే లేదు. అగ్గిపెట్టెలో పది గింజలు వేస్తే అది ఒక పది, విడిగా ఉన్నవి ఒకట్లు, 23 అంటే రెండు పెట్టెలు మూడు గింజలు అని పిల్లలే పెట్టి చూపిస్తారు, పదుల స్థానం అర్థం చేయించడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు కనపడలేదు. అంగన్‌వాడీ పిల్లలకి మాత్రం గింజలు ఇవ్వకండి, ముక్కులో పెట్టుకుంటారు, వాళ్లకి డబ్బాల పెద్ద మూతలు మేలు. ఇవన్నీ సర్దడానికి మామిడి సీజన్‌లో దొరికే అట్టపెట్టెలు తెచ్చి ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అతికించండి, చదవడం రాని పిల్లలు కూడా ఏది ఎక్కడిదో చూసుకుని పెట్టేస్తారు.