పెద్దాసుపత్రి డెంగీ లెక్క దొంగలెక్క కాదు

కర్నూలులో వానలు మొదలైతే చాలు, ఒక వాట్సాప్ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మా వీధి గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది. "ప్రైవేట్ ల్యాబుల్లో వందల మందికి డెంగీ పాజిటివ్. సర్కారు లెక్కలో పదుల్లోనే. ఎలిసా అనే మెలిక పెట్టి కేసులు దాస్తున్నారు. నాలుగు ఆసుపత్రులు చూసి జిల్లా సంగతి ఎట్లా చెప్తారు? అక్కడ పరీక్షకు రక్తం ఇవ్వడం దండగ." ఇదీ దాని సారాంశం. ఎలిసా అంటే ల్యాబులో మిషన్‌తో చేసే రక్తపరీక్ష. పంపినవాళ్ళలో నాకు బాగా కావలసినవాళ్ళున్నారు. వాళ్ళ భయం నిజమే. మెసేజ్ మాత్రం తప్పు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదట, వందలకూ పదులకూ ఉన్న తేడా. తేడా ఉన్న మాట వాస్తవమే, కానీ ఆ రెండూ ఒకే పనికి వేసిన లెక్కలు కావు. 2007 నుంచి కేంద్రం దేశవ్యాప్తంగా కొన్ని ఆసుపత్రుల్ని డెంగీకి సెంటినెల్ కేంద్రాలుగా ఎంచుకుంటూ వచ్చింది. సెంటినెల్ అంటే కావలి. శనక్కాయ చేలో పందులు పడతాయని మంచె వేసి కాపలా కాస్తాం కదా. మంచె మీది మనిషి అడవిలో పందులన్నిటినీ లెక్కపెట్టడు. ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, నిన్నటికంటే ఎక్కువ పడ్డాయా అని చూసి కేకేస్తాడు. సెంటినెల్ ఆసుపత్రి చేసేదీ అదే. అదే చోటు, అదే పరీక్ష, అదే పద్ధతి. పోయిన నెల వందమందికి పరీక్ష చేస్తే ఐదు, ఈ నెల వందకు ఇరవై వచ్చాయంటే రోగం పెరుగుతోందని నమ్మొచ్చు. ఊళ్ళో మొత్తం ఎందరికి వచ్చిందో ఆ ఇరవై చెప్పదు. ఎవరైనా ఆ అంకెనే జిల్లా మొత్తం కేసులని ప్రకటిస్తే తప్పే, అది అధికారి అన్నా సరే.

ఇక ఎలిసా మెలిక. మా తమ్ముడి కూతురికి జ్వరమొస్తే రెండో రోజే ఒక ల్యాబులో కార్డు టెస్టు చేశారు. వేలెడంత ప్లాస్టిక్ కార్డు, రెండు చుక్కల రక్తం, ఇరవై నిమిషాలు. గీత పడీ పడనట్టు ఉంది. రిపోర్టులో మాత్రం పాజిటివ్ అని ఇచ్చారు. ఆ రాత్రి టెన్షన్‌తో ఇంట్లో ఎవరూ కన్ను మూయలేదు. మర్నాడు ఎలిసాకు రక్తమిస్తే నెగటివ్ వచ్చింది, పిల్ల నాలుగు రోజుల్లో కోలుకుంది.

కార్డులు రకరకాల కంపెనీలవి, అన్నీ ఒకే నిక్కచ్చిగా ఉండవు. పైగా గీతను కంటితో చూసి చెప్పాలి. ఎలిసాలో రంగు ఎంత ముదిరిందో మిషన్ కొలుస్తుంది. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపైతే రక్తంలో వైరస్ ప్రొటీన్ అయిన ఎన్‌ఎస్‌1 కోసం, ఆ తర్వాతైతే వైరస్‌తో పోరాడడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీ ఐజీఎం కోసం చూస్తారు. ఈ ఐజీఎం కిట్లు సెంటినెల్ కేంద్రాలకు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి వస్తాయి. అంటే కర్నూలైనా కాకినాడైనా ఒకటే తక్కెడ. కార్డు పాజిటివ్‌ను అనుమానిత కేసుగానే చూస్తారు, అంతమాత్రాన వైద్యం ఆపరు. ప్లేట్‌లెట్లు, బీపీ చూస్తూనే ఉంటారు. ఎలిసాకు సరిపడా శాంపుళ్ళు పోగయ్యేదాకా కొన్నిచోట్ల రిపోర్టు ఆలస్యమవుతుంది. కోపమంటూ ఉంటే దాని మీద చూపించాలి.

నాలుగు ఆసుపత్రులు చాలా అన్న ప్రశ్నలో సగం న్యాయముంది. హెచ్ఐవీ సంగతే చూడండి. ఎంచుకున్న కేంద్రాలకు పరీక్షల కోసం వచ్చే గర్భిణుల్లో వరసగా 400 మంది రక్తం చూసి పోకడ తెలుసుకునేవాళ్ళు. పోకడ బాగానే తెలిసింది. ఆ అంకెల ఆధారంగా దేశం మొత్తం లెక్క కడితే 50 లక్షలు దాటింది. కేంద్రాలు పెంచి, 2007లో ఇంటింటి కుటుంబ ఆరోగ్య సర్వే రక్తపరీక్షల్ని కలిపి చూస్తే సుమారు 25 లక్షలని తేలింది. అందుకే కావలి ఆసుపత్రుల్ని ఒక్కటే నమ్ముకోరు. ఏఎన్ఎంలు, డాక్టర్లు, ల్యాబులు పంపే రిపోర్టులు వేరే ఉంటాయి. ప్రైవేట్ ఆసుపత్రులు కార్డు పాజిటివ్ వచ్చినవాళ్ళ శాంపుళ్ళను ఎలిసాకు పంపడం లేదంటే, అడగాల్సింది వాళ్ళనే.

రక్తం ఇవ్వడం దండగ అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా ఎదురింటి అబ్బాయికి ఎలిసా పాజిటివ్ వచ్చింది. చిరునామా మలేరియా ఆఫీసుకు చేరింది, ఏఎన్ఎం, ఇంకో ఇద్దరు వచ్చి వీధంతా తిరిగారు. మాకు నీళ్ళు రోజూ రావు, ప్రతి ఇంట్లో సిమెంటు తొట్టి ఉంటుంది.

"మాది మూత పెట్టే ఉంటాదమ్మా" అంది మా ఆవిడ.

"ఒకసారి టార్చి వేసి చూడక్కా" అంది ఏఎన్ఎం.

మూత అంచు విరిగిన చోట, నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. నీళ్ళు పారబోస్తే సరిపోదని, గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయని చెప్పి, తొట్టి గోడల్ని కొబ్బరి పీచుతో మాతోనే తోమించింది. మా వీధిలో అట్లాంటి తొట్లు ఐదు దొరికాయి. మా పిల్ల కార్డు రిపోర్టు అప్పటికి వారంగా మా బీరువాలోనే ఉంది. దాన్ని చూసి మా ఇంటికి ఎవరూ రాలేదు.