పదహారు ఎపిసోడ్ల ప్రమాదం

అరవై దాటినవాళ్లు ఏం చూడాలనే విషయంలో మనకు ఒక చక్కటి ఏర్పాటు ఉండేది. పొద్దున భక్తి చానల్, పగలు వార్తలు, రాత్రి సీరియల్, మధ్యలో బీపీ గోళీ. వాట్సాప్‌లో వచ్చిన గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్‌ను చుట్టపక్కాలందరికీ పంపడం అదనపు బాధ్యత. ఎవరూ రాసిపెట్టకపోయినా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు పాలమూరు దాకా ప్రతి ఇంట్లో ఇది పద్ధతిగా అమలైంది. ఇప్పుడు కూలిపోతోంది. యువత కూలగొడుతుంటే ఇబ్బంది లేకపోయేది, వాళ్లను తిట్టడానికి మన దగ్గర మాటలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. కానీ ఈ పని చేస్తున్నది రిటైరైన టీచర్లు, రిటైరైన గుమస్తాలు, మోకాళ్ల నొప్పుల పెద్దమ్మలు. వీళ్లు కొరియా సీరియళ్లు చూస్తున్నారు, అదీ తెల్లవారుజాము రెండింటి దాకా.

మా పెద్దమ్మ సంగతే తీసుకోండి. గవర్నమెంటు బడిలో సోషల్ చెప్పి రిటైరైంది. కొరియాతో ఆమె సంబంధం ఎంతవరకంటే, బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఇది 38వ అక్షాంశం, పైన ఉత్తరం, కింద దక్షిణం, 1950లో యుద్ధం, 1953లో కాల్పుల విరమణ, రెండు మార్కుల ప్రశ్న, రాసుకోండి, అంతవరకే. అక్కడితో ఆగాల్సింది. 2020 లాక్‌డౌన్‌లో మనవడు హైదరాబాద్ నుంచి వచ్చి టీవీలో తన ఓటీటీ పెట్టుకున్నాడు, పోయేటప్పుడు తీసేయడం మరిచాడు. కోటీశ్వరుల పిల్ల ఒకతె పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి కొట్టుకుపోయి, సరిగ్గా ఆ గీత దాటి, ఉత్తర కొరియా సైనికాధికారి ఒకాయన మీద పడే కథ, 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ', పెద్దమ్మ కంటబడింది.

"ఇన్నేండ్లు చెప్పిన పాఠంల మనుషులున్నరని నాకు ఎవ్వరు చెప్పలే బిడ్డా" అంది నాతో.

చూశారా, ఎంత ప్రమాదకరమైన మాటో! పాఠంలో మనుషులను వెతకడం మొదలుపెడితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? ఆమె అంతటితో ఆగిందా అంటే అదీ లేదు. కొరియా యుద్ధంలో మన సైన్యం తరఫున 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వైద్యం చేయడానికి వెళ్లిందని, ఆ తర్వాత యుద్ధఖైదీల సంగతి తేల్చిన తటస్థ దేశాల కమిషన్‌కు మన జనరల్ తిమ్మయ్యే అధ్యక్షుడని పాలుపోసే అబ్బాయిని నిలబెట్టి మరీ చెబుతోంది. అతను పాపం పాల పైసల కోసం వచ్చాడు.

మొదట్లో ఇంటిల్లిపాదీ ధైర్యంగానే ఉన్నాం. భాష రాదు కదా, నాలుగు రోజులు చూసి వదిలేస్తుంది అనుకున్నాం. తెలుగు డబ్బింగ్ ఉంటే అది పెట్టుకుంది, వింది, ఈ తెలుగు మన ఇండ్లల్ల ఎవరు మాట్లాడుతరు అని తీసేసింది. కొరియన్‌లోనే వింటూ కింద ఇంగ్లిషు అక్షరాలు చదవడం మొదలైంది. రిమోట్‌తో ఆపి ఆపి చదివేది, తర్వాత కళ్లజోడు మార్పించుకుంది, ఇప్పుడు ఆపడం కూడా లేదు. సబ్‌టైటిళ్లు అంగుళం ఎత్తు అడ్డుగోడ, అది దాటితే ఎన్నో గొప్ప సినిమాలు కనిపిస్తాయి అన్న అర్థంలో 'పారసైట్' తీసిన బాంగ్ జూన్ హో 2020 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వేదిక మీద ఒక మాట అన్నాడు. మరుసటి నెలలో ఆ సినిమాకే ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, ఇంగ్లిషు కాని సినిమాకు ఆ బహుమతి రావడం అదే మొదలు. ఏదో అమెరికావాళ్ల కోసం అన్న మాట. మెట్లెక్కలేను అని డాబా మీదికి రావడం మానేసిన మా పెద్దమ్మ ఆ గోడ మాత్రం అవలీలగా దాటేసింది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కూడా కాదు. 2002 నాటి 'వింటర్ సొనాటా' జపాన్ టీవీలో వచ్చాక అక్కడి నడివయసు ఆడవాళ్లు, పెద్దవయసువాళ్లు ఎంత దూరం పోయారంటే, అందులో హీరో బే యాంగ్ జూన్ 2004లో నరీతా విమానాశ్రయంలో దిగితే వేలమంది ఎదురెళ్లారు. పిల్లలకు అన్నాలు వండి, చదివించి, పెళ్లిళ్లు చేసి అన్నీ అయిపోయినవాళ్లు. జపాన్ ప్రభుత్వం అప్పుడేం చేసిందో కానీ మనం మాత్రం చూస్తూ కూర్చోకూడదు.

కథల సంగతి కాస్త చూద్దాం. ఈ సీరియళ్లలో పెద్ద కంపెనీ వారసుడు మామూలు పిల్లను ప్రేమిస్తాడు. అప్పుడు అతని తల్లి ఆ పిల్లను హోటల్‌కు పిలిచి, బల్ల మీద నోట్ల కవరు పెట్టి, మావాణ్ణి వదిలెయ్ అంటుంది. పిల్ల కవరు తోసేసి ఏడ్చుకుంటూ వెళ్లిపోతుంది. ఎన్ని కథల్లో ఈ సీను వచ్చినా పెద్దమ్మకు ప్రతిసారీ బీపీ లేస్తుంది. ఏడ్చినందుకు కాదట. "మన దిక్కు పిల్లనిచ్చినోళ్లే పైసలు కూడా ఇయ్యాలె. గాడ పిలగాని తల్లి ఇయ్యనీకి వస్తె వద్దంటదేంది, పిచ్చిది! కవరు తీస్కోవాలె, పిలగాన్నీ చేస్కోవాలె" అని తీర్పు. ఈ తీర్పును ఆమె పక్కింటి పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా వినిపించింది. మగపెళ్లివారు టీ సగంలో వదిలి లేచారు.

తిండి విషయం ఎక్కువ చెప్పను. కొరియాలో చలికాలం ముందు ఇరుగుపొరుగు అందరూ చేరి కుప్పలు కుప్పలుగా కిమ్చి, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టుకుంటారు, కిమ్జాంగ్ అంటారు, దాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేర్చారు. వాడకట్టంతా కూర్చుని ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే మనకు ఏ జాబితా లేకపోయిందే అని పెద్దమ్మ బాధ. బాధలోనే రైతుబజారు క్యాబేజీతో ఒక సీసా పెట్టింది. వాసనకు మా వదిన రెండు రోజులు పుట్టింటికి పోయింది. పెద్దమ్మ మాత్రం జొన్నరొట్టెతో తిని, జెర్ర ఉప్పు తక్కువైంది అంది.

మా పెద్దనాయనకు ఇంకోటి నచ్చింది. అక్కడ పెద్దవాళ్ల ముందు తాగాల్సివస్తే చిన్నవాళ్లు మొహం పక్కకు తిప్పుకుని తాగుతారు. ఈ మర్యాదను తాటివనంలో కూడా ప్రవేశపెట్టాలని ఆయన కల్లు దగ్గర ప్రతిపాదించాడట. పెద్దమనిషి మాట కదా అని అందరూ ఒప్పుకున్నారు, కానీ అక్కడున్నవాళ్లందరూ ఒక్క ఈడువాళ్లే కావడంతో ఎవరు ఎటు తిరగాలో తేలక గొడవైంది.

ఇవన్నీ భరించవచ్చు. అసలు ముప్పు వేరే ఉంది, దాని గురించే ఈ వ్యాసం. కొరియా సీరియల్ అయిపోతుంది.

అవును, అయిపోతుంది. సాధారణంగా పదహారు ఎపిసోడ్లు. మొదట్లో ఎవరో చచ్చిపోతే ఎందుకు చచ్చిపోయారో చివర్లో తెలుస్తుంది. తప్పిపోయిన పిల్ల దొరుకుతుంది. పెద్దలకు మన సీరియల్ ఇన్నేళ్లుగా నేర్పిన సంస్కారాన్ని ఇది నాశనం చేస్తోంది. మన సీరియల్‌లో నటి మారితే "ఇకనుంచి ఈ పాత్రలో" అని కింద ఒక పేరు వేసి ముందుకు పోతారు, చూసేవాళ్లు కిక్కురుమనరు. మా నాయనమ్మ ఒక సీరియల్ ముగింపు చూడకుండానే పోయింది, ఆ సీరియల్ ఆమె సంవత్సరీకం దాటి కూడా నడిచింది, మేమెవ్వరం తప్పు పట్టలేదు. అదీ ఓపిక అంటే. ఈ దేశంలో సగం వ్యవహారాలు ఆ ఓపిక మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడేమైందో వినండి. మా పాలివాళ్లకూ మాకూ బత్తాయి తోట దగ్గర గెట్టు పంచాయితీ ఉంది. కోర్టులో ఉంది. ఎప్పటినుంచి అంటే, మొదట మా తరఫున వాదించిన వకీలు కొడుకు ఇప్పుడు వాదిస్తున్నాడు. మాకు అలవాటైపోయింది, వాయిదాకు పోతే నల్లగొండలో బట్టలు కూడా కొనుక్కుని వస్తాం. మొన్న అందరం కూర్చున్నప్పుడు పెద్దమ్మ మధ్యలో కల్పించుకుంది. "ఏందిరా మీ కథ! గాడ ఒక పిల్ల యాక్సిడెంటయి మతి పోయి, మల్ల మతి వచ్చి, కన్నతల్లి ఎవరో తెలిసి, పెండ్లి కూడా అయింది. ఏడాదిన్నర మిల్ట్రీకి పోయినోడు తిరిగొచ్చిండు. మీరు ఇంకా గెట్టు రాయి ఏడుందో తేల్చలె."

ఎవ్వరం మాట్లాడలేదు. పాలివాళ్ల పెద్దాయన ఒక్కడే, ఆ సీరియల్ పేరేంది వదినా అని అడిగాడు. ఇలా అంటుకుంటుంది ఇది.

పాలమూరులో మా మేనమామకు ఫోన్‌లోనే అంటుకుంది. ఆయనది భూత్పూర్ దిక్కు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన అయింది, 2023లో నార్లాపూర్ దగ్గర ఒక పంపు నడిపి నీళ్లు చూపించారు, చప్పట్లు కొట్టాం. ఒకప్పుడైతే మామ ఇంకో పదేళ్లు హాయిగా ఎదురుచూసేవాడు. ఇప్పుడు ఊళ్లోకి వచ్చిన నాయకుణ్ణి పట్టుకుని "గిది ఎన్నో ఎపిసోడ్ సారూ? ఆఖరుది ఎప్పుడు?" అని అడిగాడు. గత ప్రభుత్వం వల్లే ఆలస్యం అని ఆయన ఏదో చెప్పబోతే "ఎరుకే సారూ, ఇకనుంచి ఈ పాత్రలో మీరు" అన్నాడట. రైతు ఇలా మాట్లాడితే పాలన ఎలా సాగుతుంది?

ఇక పెద్దనాయన. కొరియా ఆడవాళ్ల వ్యవహారం అని చెప్పి ఆయన పాత విదేశీ సినిమాల్లోకి దిగాడు. ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి, జపాన్ దర్శకుడు కురొసావా 1952లో తీసిన 'ఇకిరు' చూశాడు. నలుపు తెలుపు సినిమా. అందులో ఏళ్ల తరబడి కాగితాల మీద ముద్రలు కొట్టడం తప్ప ఇంకేం చేయని ఒక ఆఫీసు పెద్దమనిషి ఉంటాడు. మురికిగుంట పూడ్చి పిల్లలకు పార్కు కట్టండని వాడకట్టు ఆడవాళ్లు వస్తే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు, అక్కడి నుంచి మరో దానికి తిప్పి, మళ్లీ మొదటి కిటికీ దగ్గరికే తెస్తారు. ఆయనకు కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. మిగిలిన రోజులన్నీ పెట్టి ఆ పార్కు కట్టించి పోతాడు. సినిమా అయిపోయాక పెద్దనాయన అన్నం తినలేదు. "గా కిటికీ ఎనక నేను కూసున్న" అన్నాడు, అంతే.

సినిమా చూసి బాధపడితే ఎవరికీ అభ్యంతరం లేదు. మర్నాడు ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ మానేసి, కాలనీ పార్కు జాగాలో మొలిచిన సర్కారు తుమ్మల గురించి దరఖాస్తు పట్టుకుని సంబంధిత ఆఫీసుకు పోయాడు. మామూలు మనిషైతే తిప్పి పంపొచ్చు, ఈయనకు తిప్పడం ఎలాగో తెలుసు. ఫైలు పైకి పోయింది అంటే బీరువా కింది అరలో వెతకమంటాడు. సారు క్యాంపులో ఉన్నారు అంటే, ఆ మాట మొట్టమొదట కనిపెట్టినవాడిలాగా నవ్వి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. సోమవారం వస్తే ప్రజావాణిలో ఉంటాడు. ఆ ఆఫీసులో ఉన్న కుర్రవాళ్లు కొందరు ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లే, సారూ మీరే ఇట్ల చేస్తే ఎట్ల అని మొత్తుకుంటున్నారు. ఒక్క జపాన్ సినిమా వల్ల ఒక సెక్షన్ మొత్తం పని చేయాల్సివచ్చింది. తుమ్మలు కొట్టేశారు. ఊయలకు ఇనుప స్తంభాలు పాతారు. ఊయల ఇంకా రాలేదు, అది వేరే టెండరట.

వీటన్నిటికీ మందు మా దగ్గర ఒకటి ఉండేది, పాస్‌వర్డ్. 2023లో ఆ ఓటీటీ వాళ్లే ఒక అకౌంటు ఒకే ఇంట్లోవాళ్లు వాడాలని మన దేశంలో రూలు పెట్టారు. హైదరాబాద్ మనవడి అకౌంటు నల్లగొండ టీవీలో ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ రాత్రి అందరం తొందరగా పడుకున్నాం. ఒకటో తారీఖు పెన్షన్ పడింది. మధ్యాహ్నానికల్లా పెద్దమ్మా పెద్దనాయనా చెరి సగం వేసుకుని సొంతంగా తీసుకున్నారు, అదీ పెద్ద ప్లాను. నెలాఖరుకు డబ్బుల్లేక మనవడు తనది కట్టడం మానేశాడు, ఇప్పుడు వాళ్ల లాగిన్ అడుగుతున్నాడు. పార్కు ఊయల మీద సమాచార హక్కు దరఖాస్తు టైపు చేసి పెడితే ఇస్తానని పెద్దనాయన అన్నాడట, అబ్బాయి శనివారం బస్సుకు వస్తున్నాడు.