కార్డులోని కిటికీ గారికి, కౌంటరు ఇవతలి నుంచి

పాస్‌పోర్టుల్లో, గుర్తింపు కార్డుల్లో కొలువున్న మహారాజశ్రీ పారదర్శక కిటికీ గారి సముఖానికి,

చేతిలో ఫైలు, జేబులో రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు పెట్టుకుని కౌంటరుకు ఇవతలి వైపు నిలబడే సామాన్యుడు నమస్కరించి రాసుకునే విన్నపం. తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఎండకు వెలిసిపోకుండా, వానకు తడవకుండా పాలీకార్బొనేటు అనే గట్టి ప్లాస్టిక్ పొరల నడుమ కొలువు తీరినవారికి క్షేమానికి లోటేముంటుంది గనుక, ఈ కుశలప్రశ్న మర్యాద కోసం వేసిందేనని గ్రహించగలరు.

తమ పుట్టుపూర్వోత్తరాలు తెలిసినప్పటి నుంచి నాకు తమరి మీద గౌరవంతో పాటు జాలి కూడా కలుగుతోంది. ఆస్ట్రేలియా 1966లో పౌండ్లు వదిలి డాలర్లకు మారి కొత్త నోట్లు అచ్చువేస్తే, ఆ ఏడాది గడవకముందే ఘరానా దొంగలు పది డాలర్ల నోటుకు నకళ్లు దించి బజారులోకి వదిలారు. ఇంకా ముందుముందు రంగుల ఫొటోకాపీ యంత్రాలు కూడా వస్తే తమ గతేమిటని బెంగపడిన అక్కడి రిజర్వు బ్యాంకు, శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి రెండు దశాబ్దాల పాటు పని చేయించి, 1988లో ప్లాస్టిక్‌తో చేసిన పది డాలర్ల నోటును తీసుకొచ్చింది. ఆ నోటులో ఒకచోట రంగు వేయకుండా వదిలేసి, ఇటు నుంచి అటు కనబడేలా తమరిని ప్రతిష్ఠించారు. కాగితం మీద ఎంత సూక్ష్మమైన రంగు వేసినా యంత్రం దాన్ని ఏదో ఒక మేరకు పట్టుకుంటుంది గానీ, అసలు కాగితమే లేని చోటును అది కాపీ తీయలేదు. నోట్ల నుంచి తమరు పాస్‌పోర్టుల్లోకి, గుర్తింపు కార్డుల్లోకి పదోన్నతి పొందారు. అంటే తమ జన్మకు కారణమే జెరాక్స్ యంత్రం. దాన్ని ఓడించడమే తమకు అప్పగించిన ఏకైక ఉద్యోగం. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

తమరిని కట్టే విధానం గురించి చదివితే, ఒక మనిషి ముఖాన్ని కాపాడటానికి ఇంత శ్రమా అనిపిస్తుంది. పారదర్శకమైన పాలీకార్బొనేటు రేకులను దొంతరగా పేర్చి, నడుమ ఉండే తెల్లటి రేకులో తమరికి సరిపడా రంధ్రం కోసి, ఆ ఖాళీని పారదర్శకమైన ముక్కతో పూరించి, మొత్తం దొంతరను వేడితో, ఒత్తిడితో అదుముతారు. చుక్క జిగురు లేకుండానే రేకులన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఒకే ముక్కగా మారిపోతాయి. ఇక ఏ బ్లేడు పెట్టి లేపబోయినా పొర ఊడి రాదు, కార్డే పాడవుతుంది. తర్వాత లేజరు కిరణం పై పొరను తాకకుండా లోపలికి దూరి, అక్కడి పదార్థాన్ని మాడ్చి, బొగ్గు నలుపుతో ముఖాన్ని గీస్తుంది. అందువల్లనే ఈ రకం కార్డుల్లో ఎవరి ఫొటో అయినా పాత నలుపు తెలుపు సినిమాలో రెండో కథానాయకుడిలా ఉంటుంది. తమ లోపల కూడా అదే ముఖాన్ని గోరంత ప్రమాణంలో ఇంకోసారి చెక్కుతారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అది ఒక తీరుగా, నల్లటి బల్ల మీద పెడితే మరో తీరుగా కనబడుతుంది. ఈ కార్డును బల్ల మీదికి జారవిడిస్తే మామూలు ప్లాస్టిక్‌లా టప్పుమనకుండా ఠంగుమంటుందనీ, అనుభవమున్న అధికారులు ఆ చప్పుడును కూడా పరీక్షగా వాడతారనీ అంటారు.

తమరు రాకముందు పాస్‌పోర్టులో ఫొటో అతికించి, పైన పలచని ప్లాస్టిక్ పొర వేసేవారు. ఆ పొరను నేర్పుగా లేపి, లోపలి మనిషిని దించేసి, ఇంకో మనిషిని ఎక్కించి, ఏమీ ఎరగనట్టు మళ్లీ అతికించే కళాకారులు దేశదేశాల్లో వర్ధిల్లారు. గల్ఫ్‌కు పంపిస్తామని లక్షలు గుంజి, ఫొటో మార్చిన పాస్‌పోర్టును చేతిలో పెట్టిన దొంగ ఏజెంట్ల వార్తలు మా పత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. అలాంటివారి పొట్ట కొట్టినందుకు తమరికి శతకోటి వందనాలు. ఇందులో వ్యంగ్యం లేదు.

ఇప్పుడు తమరు మా ఇళ్లకు కూడా వేంచేశారు. కెనడా 2023లో మార్చిన కొత్త పాస్‌పోర్టులో, వివరాల పుట మీద, యజమాని రెండో చిత్రంతో సహా దర్శనమిచ్చారు. అదే ఏడాది జనవరి 30 నుంచి అమెరికా జారీ చేస్తున్న కొత్త తరహా గ్రీన్‌కార్డులో, వెనకవైపు ఫొటో గడిలో పాక్షిక కిటికీగా కొలువయ్యారు. ఈ రెండో నివాసం గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 కార్డులు, అందులో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించరాదన్న పరిమితి, ఆ పరిమితి ముందు మనవాళ్ల చాంతాడంత వరుస. వరుసలో చేరిననాడు చంకలో ఉన్న పిల్ల కారు నడిపే వయసుకొచ్చినా కొందరికి తమ దర్శనభాగ్యం కలగదు. ఇన్నేళ్ల నిరీక్షణ తర్వాత చేతికొచ్చిన కార్డును వెలుతురుకు పట్టుకుని తమలోంచి చూసిన కుటుంబాలు కొన్నయినా ఉంటాయి. బహుశా తమరిని పనిగట్టుకుని చూసేవాళ్లు లోకంలో వాళ్లు మాత్రమే.

ఎందుకంటే, మహాశయా, తమరిని పరీక్షించవలసిన కౌంటర్లలో తమరిని ఎవరూ చూడరు. చూసేది తమ జెరాక్సును.

అమెరికాలో ఉంటున్న మా బావమరిది సెలవుల్లో ఊరికొచ్చి, ఇక్కడి ఒక బ్యాంకులో ఎన్నారై ఖాతా తెరవాలనుకున్నాడు. విదేశంలో నివాసముంటున్నట్టు రుజువుగా కార్డుకు రెండు వైపులా కాపీ తెమ్మన్నారు. బ్యాంకు మెట్ల పక్కనే ఉన్న జెరాక్స్ కొట్టు కుర్రాడు కార్డును అద్దం మీద బోర్లించి, మూత సగం తెరిచే ఉంచి మీట నొక్కాడు. వచ్చిన కాగితాన్ని చూసి, కార్డును తీసి వెలుతురుకు పట్టుకుని, జాలిగా అన్నాడు: "సార్, మీ కార్డుకు చిల్లు పడింది."

"చిల్లు కాదు బాబూ, అది కిటికీ. కావాలనే పెట్టారు," అన్నాను.

"కావాలని పెట్టినా బ్యాంకోళ్లు ఒప్పుకోరు సార్. అక్కడ నల్లగా మచ్చ వస్తోంది. వెనకాల తెల్లకాయితం పెట్టి తీస్తా, నీట్‌గా వస్తుంది."

అన్నట్టే తెల్లకాగితం పెట్టి తీశాడు. నిజంగానే నీట్‌గా వచ్చింది. తమరు సమూలంగా అదృశ్యమయ్యారు. నకిలీ తయారీదారుల ఆట కట్టించిన తమరిని రూపాయి ఖరీదు చేయని తెల్లకాగితం ఒక్క క్షణంలో తుడిచిపెట్టింది. ఆ కాగితం మీద మా వాడు అడ్డంగా సంతకం చేశాడు. కౌంటరులోని ఉద్యోగి దాని మీద "అసలుతో సరిచూడబడినది" అనే అర్థం వచ్చే ముద్ర ఒకటి నిబ్బరంగా వేశాడు. అసలు అప్పుడు మా వాడి చొక్కా జేబులో, పెన్ను పక్కన, తమరితో సహా క్షేమంగా ఉంది. చూపిస్తానని బయటికి తీయబోతే, "వద్దులెండి, జాగ్రత్తగా లోపల పెట్టుకోండి, పోతే కష్టం" అని ఆ పెద్దమనిషి మందలించాడు కూడా. ఆయన మంచివాడే. ఆయన చేతిలో ఉన్న పరిశీలన పట్టికలో "కాపీ జతచేయబడినదా" అనే గడి ఉంది గానీ, "కిటికీలోంచి చూడబడినదా" అనే గడి లేదు.

జెరాక్సు మీద మాకున్న భక్తి తమరికి పూర్తిగా అర్థం కావాలంటే కొంత చరిత్ర చెప్పాలి. ఒకప్పుడు ప్రతి కాపీ మీదా గెజిటెడ్ అధికారి పచ్చ సిరాతో సంతకం పెట్టాలి. తెలిసిన ప్రిన్సిపాలో పశువైద్యుడో లేని కుటుంబానికి ఉద్యోగ దరఖాస్తు ఒక యజ్ఞం. తర్వాత ప్రభుత్వానికి దయ కలిగి, ఎవరి కాపీ మీద వాళ్లే సంతకం పెట్టుకోవచ్చని సెలవిచ్చింది. ఇందులోని వేదాంతం చూడండి: నేను నేనే అనడానికి రుజువు కార్డు, కార్డు కార్డే అనడానికి రుజువు దాని కాపీ, కాపీ కాపీయే అనడానికి రుజువు నా సంతకం.

మా ఆధార్ సంస్థ 2020లో యాభై రూపాయలకు పీవీసీ కార్డు ప్రవేశపెట్టినప్పుడు హోలోగ్రాము, సూక్ష్మాక్షరాలు, నీడ చిత్రం, క్యూఆర్ కోడ్ అన్నీ పెట్టింది గానీ తమరికి చోటివ్వలేదు. అందుకు తమరు నొచ్చుకోవద్దు. ఆ హోలోగ్రామును కూడా జెరాక్సులో ఎవరూ మెరవగా చూడలేదు. ఒకసారి మాత్రం పెద్ద విప్లవమే రాబోయింది. 2022 మే 27న ఆ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ జెరాక్సులను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, దుర్వినియోగం కావచ్చని, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడుకోమని ప్రకటించింది. దేశంలోని లాడ్జి రిజిస్టర్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. మే 29న, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందంటూ ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. అందులో ఉన్నది చాలా సరిగ్గా అర్థమైపోయే ప్రమాదమే ఎక్కువని నా అనుమానం. జెరాక్స్ కొట్లు యథావిధిగా సాగాయి.

లామినేషన్ అనే మా ఇంకో బలహీనత గురించి కూడా మనవి చేసుకోవాలి. విలువైన కాగితం కనబడితే దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించకపోతే మాకు నిద్ర పట్టదు. పదో తరగతి మెమో చేతికొచ్చిన సాయంత్రమే లామినేషన్ కొట్టుకు పరుగెత్తి, పదేళ్ల తర్వాత విదేశీ వ్యవహారాలవారి ముద్ర వేయించాలంటే ఆ ప్లాస్టిక్ మీద ముద్ర పడదని తెలిసి, దాన్ని ఊడదీసే నిపుణుడి కోసం ఊరంతా గాలించిన తండ్రులు నాకు తెలుసు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ కార్డుకు లామినేషన్ చేయించవద్దని అక్కడి కార్యాలయమే చెబుతుంది, దానిలోని భద్రతా గుర్తులు ఆ తొడుగు కింద పరీక్షకు అందవని. చేయించకుండా ఉండటం మాకు ఎంత కష్టమో ఆ కార్యాలయానికి తెలియదు. తమరున్న కార్డును కూడా ఎవరో ఒక పెద్దాయన ప్రేమకొద్దీ లామినేషన్ చేయిస్తే కంగారుపడకండి; అది అగౌరవం కాదు.

ఇక చూసే అలవాటున్నవారి సంగతి. పాస్‌పోర్టులో తమరికి పొరుగున ఇప్పుడు చిప్ అనే యువకుడు కాపురముంటున్నాడు. డిజిటల్ సంతకంతో సహా సమాచారమంతా యంత్రానికి తానే విన్నవించుకుంటాడు. గేటు దానంతటదే తెరుచుకుంటుంది, తమరిని పైకెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. మా హైదరాబాద్ విమానాశ్రయంలో 2023 నుంచి డిజియాత్ర యాప్ పెట్టుకున్నవారు లోపలికి పోవడానికి ముఖం చూపిస్తే చాలు. ట్రాఫిక్ పోలీసుకు ఫోనులో లైసెన్సు చూపిస్తారు. ఫోను తెరలో తమరు ఉన్నా లేనట్టే.

మరి మనిషే ఓపిగ్గా కార్డును, ముఖాన్ని పోల్చి చూస్తే? ఆస్ట్రేలియాలో, అంటే తమ పుట్టింట్లోనే, పాస్‌పోర్టు అధికారుల మీద చేసిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. ఎదుట నిలబడ్డ మనిషిది కాని ఫొటోను ఆ మనిషిదేనని వారు సుమారు 14 శాతం సందర్భాల్లో ఒప్పేసుకున్నారు. అదే వృత్తిగా ఉన్నవారికే పెద్ద ఫొటోతోనే ఇంత తడబాటు ఉంటే, తమ లోపలి గోరంత ముఖం ఎవరి ముఖమో తేల్చేది ఎవరు? ఆధార్ ఫొటోలో మమ్మల్ని మా అమ్మే పోల్చుకోలేని దేశం నుంచి ఈ ప్రశ్న వేస్తున్నందుకు మన్నించండి.

కనుక తమరికి ఒక మధ్యేమార్గం సూచిస్తున్నాను. కౌంటర్లు తమ పద్ధతి మార్చుకుంటాయని ఆశపడేకంటే తమరే కౌంటర్ల పద్ధతికి రావడం మంచిది. తమరిని జారీ చేసే ప్రభుత్వాలు ప్రతి కార్డుతో పాటు, ప్రభుత్వ ముద్రణాలయంలోనే తీసిన అధికారిక జెరాక్సులు ఓ పాతిక ఉచితంగా ఇవ్వాలి. వాటిలో తమరు ఉండాల్సిన చోట ఒక గడి గీసి, "ఇక్కడ కిటికీ కలదు" అని ముద్రించాలి. దాని కింద కార్డుదారు సంతకం, తేదీ. నకిలీవాళ్లు ఆ వాక్యాన్ని కూడా ముద్రించుకోవచ్చని తమరికి సందేహం రావచ్చు. అందుకే ఆ వాక్యం పక్కన "ఈ వాక్యం అసలైనది" అని ఇంకో ముద్ర వేయించాలని కూడా నా మనవి.

తమరి నిర్ణయం తెలియజేయగలరని ప్రార్థిస్తూ,

ఇట్లు,
తమ విధేయుడు,
కౌంటరుకు ఇవతలివాడు

జతపరచినవి:
తమ ముందువైపు జెరాక్సు, ఒకటి (తెల్లగా వచ్చింది).
తమ వెనకవైపు జెరాక్సు, ఒకటి (నల్లగా వచ్చింది).
రెండూ స్వయంగా ధ్రువీకరించబడినవి.