కొండ కాల్తంది, ఎవులికి సెప్తావు?

మొన్న మార్చిలో నాన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. మాది మందస దగ్గర, మేడెక్కితే మహేంద్రగిరి వైపు కొండలన్నీ ఎదురుగానే ఉంటాయి. రాత్రి ఏడయ్యేసరికి కొండ మీద సన్నగా ఎర్రటి గీత ఒకటి కనబడింది, చూస్తుండగానే వంకర్లు తిరిగి దీపాల దండలా సాగిపోయింది. కార్చిచ్చులకి పేరుపడ్డ కాలిఫోర్నియాలో, శాక్రమెంటోలో బతికే మనిషిని కదా, గుండె దడ పట్టుకుంది. పక్క మేడ మీద జీడిపిక్కలు గంపకెత్తుతున్న పెద్దమ్మ మాత్రం ఒకసారి తలెత్తి చూసి, "మూడు గంటలేల నుంచీ పొగొస్తంది బాబూ, ఏటేటా కాల్తాది, ఎవులికి సెప్తావు?" అనేసి మళ్ళీ పన్లో పడింది.

నేను మాత్రం మంట సంగతి ఆఫీసుల వాళ్ళకి చెబుదామని ఫోన్ తీశా. మొదటి నంబరు మోగి మోగి ఆగిపోయింది, రెండోచోట "అది ఒరిస్సా సైడ్ అయ్యుంటది సార్" అన్నారు, మూడోచోట "ఇంతకీ మీరెవరు, మీకెలా తెలిసింది" అని నన్నే నిలదీశారు. అప్పుడర్థమైంది పెద్దమ్మ ఎందుకలా అందో. చెప్పినోడి మీదే ముందు అనుమానం వస్తే ఇంకెవడు చెప్తాడు?

శాటిలైట్ ఉంది కదా అంటారు మనవాళ్ళు. ఉంది, నిజమే. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు 2004 నుంచీ శాటిలైట్ చూసి మంటల కబురు పంపుతున్నారు, వాళ్ళ సైట్‌లో మొబైల్ నంబరిచ్చి జిల్లా ఎంచుకుంటే మామూలు జనానికి కూడా మెసేజ్ వస్తుంది. కానీ ఇందులో ఎక్కువగా వాడే వీర్స్ అనే సెన్సర్ మన మీదుగా వెళ్ళేది సుమారు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, మళ్ళీ రాత్రి ఒంటిగంటన్నరకి. పైగా మ్యాప్‌లో ఒక్క చుక్క అంటే 375 మీటర్ల చదరం, మంట అందులో ఎక్కడైనా ఉండొచ్చు. అంటే మూడింటికి మొదలైన పొగ విషయంలో మా పెద్దమ్మ ఆ సెన్సర్ కంటే పది గంటలు ముందుంది!

కాలిఫోర్నియాలో వెయ్యికి పైగా కెమెరాలు కొండల్ని చూస్తూ ఉంటాయి, పొగ కనబడితే ఏఐ పసిగడుతుంది. అలాగని కబురు తొందరగా అందితే చాలు అని నేననను. 2018 నవంబర్‌లో అక్కడే ప్యారడైజ్ అనే ఊరు తగలబడి 85 మంది పోయారు, ఆ మంట సంగతి మొదలైన కాసేపటికే తెలిసింది, కానీ గాలి ముందు ఎవరూ నిలబడలేకపోయారు. మన కొండల్లో సంగతి వేరు. మనవి చాలావరకు ఎండుటాకుల్లో నేల మీద పాకే మంటలు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకులు అంటిస్తారు, పోడు కాలుస్తారు, ఎవడో బీడీ పారేస్తాడు. (గిరిజనుల్నే అనక్కర్లేదు, ఉద్దానంలో జీడితోటల ఆకులు ఊడ్చి అంటించేది మనమే.) అలాంటి మంటని మొదటి గంటలో తెలిసినవాళ్ళు నలుగురైదుగురు పచ్చికొమ్మలతో కొట్టి, మంటకి ఎదురుగా ఆకులు ఊడ్చి ఖాళీ దారి తీస్తే ఆపొచ్చు, అదే వెదురులోకి ఎక్కాక ఎవరివల్లా కాదు. అందుకే అక్కడికంటే ఇక్కడే ముందు చెప్పడం ఎక్కువ పనికొస్తుంది అంటాను.

ఫారిన్‌లో ఉన్న మన ఊరివాళ్ళ సంఘం ఊరి ముందు ఆర్చీ కట్టడానికి చందాలు వేస్తోంది, నేనూ ఇచ్చాను, తప్పేం లేదు. ఆ డబ్బులో కాస్త తీసి కొండకింది ఊళ్ళలో పంచాయతీ గోడ మీద, సంత దగ్గర బీట్ ఆఫీసర్ (ఆ చుట్టుపక్కల అడవి చూసుకునే అటవీశాఖ ఉద్యోగి) నంబరు పెయింట్ వేయిద్దాం, వాళ్ళు బదిలీ అవుతారు కాబట్టి ఏటా జనవరిలో మళ్ళీ రాయాలి. చెప్పినవాళ్ళ పేరు అడగొద్దని కూడా మనమే వెళ్ళి ఆఫీసర్లతో మాట్లాడాలి, మన మాట కొంచెం వింటారు, ఫారిన్ వాళ్ళమని. ఇంకోటి, ఒక్క ఊరి నుంచి చూస్తే మంట ఏ కొండ మీదో తెలీదు, ముందుదా వెనకదా, అందుకే రెండు ఊళ్ళ నుంచి ఇద్దరు ఏ దిక్కో చెప్తే మ్యాప్ మీద ఆ రెండు దిక్కుల గీతలు కలిసినచోటే మంట, ఒరిస్సాదా మనదా కూడా అక్కడే తేలిపోతుంది.

మా బీట్ ఆఫీసర్ నంబరు వెతికి పట్టుకోడానికి నాకు రెండ్రోజులు పట్టింది. ఇప్పుడది మా వంటింటి కేలండర్ మీద గ్యాస్ బుకింగ్ నంబరు కింద ఉంది, అమ్మే రాసింది, ఒక అంకె కొట్టేసి మళ్ళీ రాసింది.