సోమవారం దుర్గాప్రసాద్, ఆదివారం డేవిడ్

పిల్లలు దారి తప్పుతున్నారు, వాళ్లకు భక్తి కథలు కావాలి అనే మాట మళ్లీ మొదలైంది. కావాలి, కాదనను. కానీ వస్తున్నవి కథలు కావు, పాత్రల పేర్లు తగిలించిన ప్రసంగాలు. కుర్రాడు తాగుతాడు, బండి గుద్దుకుంటుంది, ఆస్పత్రి మంచం పక్కన పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, వాడు మారిపోతాడు. పాస్టరుగారి బదులు బామ్మను, ప్రార్థన బదులు హనుమాన్ చాలీసాను పెట్టండి, ఇంకేం మార్చక్కర్లేదు. పదహారేళ్ల పిల్లకు మొదటి పేజీలోనే చివరి పేజీ తెలిసిపోతుంది.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ మొదలయ్యేదే తండ్రి తప్పుతో. ఉన్నదంతా దానం చేస్తున్నానంటూ ఆయన తోలిస్తున్నవి వట్టిపోయిన ముసలి ఆవులు. ఇక నీళ్లు తాగలేవు, గడ్డి మేయలేవు. పిల్లాడు చూశాడు. ‘మరి నన్నెవరికిస్తావు నాన్నా?’ అని మూడుసార్లు అడిగాడు. ‘యముడికిస్తా ఫో’ అని తండ్రి విసుక్కున్నాడు. వాడు నిజంగానే వెళ్లి, మూడు రాత్రులు తిండి లేకుండా యముడి ఇంట కాచుకున్నాడు. ఏనుగులిస్తా, గుర్రాలిస్తా, బంగారమిస్తా, చచ్చాక ఏమవుతుందని మాత్రం అడక్కు అని సాక్షాత్తూ యముడే బేరమాడినా కదల్లేదు. ఇంట్లో భక్తిలోని లొసుగును కనిపెట్టినవాడే అక్కడ హీరో. ఇవాళ ఎవరైనా ఇలాంటిది రాసి పంపితే ‘పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ’ అని తిప్పి పంపుతారు.

వాళ్ల భయం అర్థం కాక కాదు. అనుమానాలు నేర్పితే ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుందంటారు. 1967లో అనంత్ పాయ్ ‘అమర్ చిత్ర కథ’ బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టింది కూడా, టీవీ క్విజ్‌లో పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారనేనట. మంచి పనే. పదేళ్ల వాళ్లకు ఆ పేరు చెబితే చాలు. పదహారేళ్లకు వచ్చే టెన్షన్ కౌసల్య గురించి కాదు.

గుంటూరు వైపు దళిత పేటల్లో చూడండి. చర్చిలో డేవిడ్, బడి హాజరుపట్టీలో దుర్గాప్రసాద్, ఇద్దరూ ఒక్కడే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ దళితులకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారితే ఆ హోదా పోయి, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో ‘సీ’ గ్రూపు. స్కాలర్‌షిప్ ఫారంలో ‘మతం’ అన్న గడి దగ్గర వాడి పెన్ను ఆగుతుంది. నాన్న చెప్పిందే రాస్తాడు. ఆ రాత్రి ఏ పేరుతో మోకరిస్తాడు? తానెవరన్న ప్రశ్న ఇంత సూటిగా ఎదురయ్యే చోటు ఇంకోటి ఉంటుందా? ఆగిన ఆ పెన్ను దగ్గర మొదలయ్యే నవల నాకు కావాలి. వాణ్ని దోషిని చెయ్యకుండా, ‘నేను మారిపోయాను’ అని చర్చిలో సాక్ష్యం చెప్పించకుండా రాసేవాళ్లు కావాలి.

ఆ నవల వచ్చినా పెట్టడానికి అర ఏదీ? చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. చిన్నపిల్లలకు నీతికథలున్నాయి, పెద్దవాళ్లకు కులం, మతం, ప్రాంతం గురించి మాట్లాడే అస్తిత్వ సాహిత్యం ఉంది. మధ్యలో ఉన్నవాళ్లకు తెలుగు ఒక సబ్జెక్టు, అంతే. మొన్న ఓ పుస్తకాల షాపులో పదిహేనేళ్ల అమ్మాయికి తెలుగు నవల ఏదైనా ఇవ్వమని అడిగాను. షాపతను కాసేపు ఆలోచించి, వ్యక్తిత్వ వికాసం వైపు చెయ్యి చూపించాడు. దాని పక్కనే ఈఏపీసెట్ గైడ్లు.