ఒకే పాలసీ, ఇద్దరు ఓనర్లు

(హాల్లో బల్ల నిండా ఇన్సూరెన్సు కాగితాలు. విశ్వనాథం కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని ఫోన్‌లో ఏదో చదువుతూ తనలో తానే మురిసిపోతున్నాడు. ఆయన అలా మురిసిపోయిన ప్రతిసారీ ఇంటికి ఏదో ఒక ఖర్చు తగులుకుంటుందని అనసూయకి అనుభవం.)

విశ్వనాథం: అనసూయా! ఇకమీదట కారుకో పాలసీ, బైకుకో పాలసీ, స్కూటర్‌కో పాలసీ అనే గోల లేదు. అన్నిటికీ కలిపి ఒక్కటే! ఒకే నంబరు, ఒకే తారీఖు, ఒకే చెల్లింపు.

అనసూయ: ఒకే తలనొప్పి.

విశ్వనాథం: నీకు వేళాకోళంగా ఉంది. మార్చిలో బైకు, ఆగస్టులో కారు. ఏడాది పొడుగునా ఎవడో ఒకడు ఫోన్ చేస్తూనే ఉంటాడు, ‘సార్, మీ పాలసీ అయిపోతోంది’ అని.

అనసూయ: చేసినా కట్టారా? పోయిన మార్చిలో బైకుది అయిపోతే ఏం చేశారు?

విశ్వనాథం: ఓ వారం ఆలస్యమైంది. అంతే.

అనసూయ: ఆ వారమూ బైకు మీదే ఆఫీసుకెళ్లారు.

విశ్వనాథం: మెల్లగా నడిపానులే.

అనసూయ: మెల్లగా నడిపితే ఇన్సూరెన్సు ఉన్నట్టే కాబోలు! పట్టుకుంటే మొదటిసారికి రెండు వేలు, రెండోసారికి నాలుగు వేలు. అలాంటి మీ చేతికి ఒకే తారీఖు అప్పగిస్తే, ఆ ఒక్కటీ మర్చిపోయిన రోజున బళ్లన్నీ ఒకేసారి రోడ్డున పడతాయి.

విశ్వనాథం: బళ్లు ఉండేదే రోడ్డు మీద కదే! నువ్వు ముందు విను. 2022 జులైలో ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్లు అనుమతి ఇచ్చారు. దీని పేరు మోటార్ ఫ్లోటర్. హెల్త్ పాలసీలో నువ్వూ నేనూ పిల్లలూ అందరం ఒకే ఫ్లోటర్‌లో ఉన్నామా లేదా? ఇదీ అంతే. కారు ఇంటిపెద్ద, బైకు పెద్దకొడుకు, నీ స్కూటర్...

అనసూయ: కోడలా?

విశ్వనాథం: ...కుటుంబ సభ్యురాలు.

అనసూయ: (ఫోన్ లాక్కుని) ఏదీ, నన్ను చదవనివ్వండి. ‘ఒకే యజమానికి చెందిన ద్విచక్ర వాహనాలు, ప్రైవేటు కార్లు.’ ఒకే యజమాని అంటున్నాడు. ఇల్లు అనలేదు, కుటుంబం అనలేదు.

విశ్వనాథం: ఎక్కడా? (ఫోన్‌ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూస్తాడు. అక్షరాలు మారలేదు.) ఒకే యజమాని... అంటే ఆర్‌సీలో ఒకే పేరుండాలి. కారు నాది, బైకు నాది. స్కూటర్ నీ పేరున ఉంది.

అనసూయ: అంటే మీ బళ్లు రెండూ ఒక గొడుగు కింద. నా స్కూటర్ వానలో.

విశ్వనాథం: దానికేముంది! స్కూటర్ నా పేరుకి మార్చేస్తే సరి. ఫారం 29, ఫారం 30, నువ్వో రెండు సంతకాలు పెట్టు.

అనసూయ: నేనెందుకు పెట్టాలి? కారూ బైకూ నా పేరుకి మార్చండి. సంతకాలు మీరే పెట్టండి. మీ సంతకం ఇంకా బాగుంటుంది.

విశ్వనాథం: కారు మార్చడం కుదరదే.

అనసూయ: ఏం?

విశ్వనాథం: ఆర్‌సీలో బ్యాంకు పేరుంది. లోను తీరాలి, బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వాలి, అప్పుడు గానీ...

అనసూయ: ఓహో. కారు బ్యాంకుది, దర్జా మీది! స్కూటర్ మాత్రం పూర్తిగా నాది. అప్పు లేదు, ఎవరి ఎన్‌ఓసీ అక్కర్లేదు. పూర్తిగా సొంతమైన బండి ఉన్నది ఈ ఇంట్లో నాకొక్కదానికే.

విశ్వనాథం: బైకు కూడా నా సొంతమే.

అనసూయ: దాన్ని బండి అంటారా?

(కాసేపు మౌనం. విశ్వనాథానికి ఆ బైకంటే ప్రాణం. అది అనసూయకి తెలుసు, అందుకే అంది.)

విశ్వనాథం: సరే. నీ స్కూటర్ పక్కన పెడదాం. నావి రెండూ కలిపితే ఎంత లాభమో చూడు.

అనసూయ: చెప్పండి. ఎంత మిగులుతుంది?

విశ్వనాథం: చాలా మిగులుతుంది.

అనసూయ: ‘చాలా’కి ఎన్ని సున్నాలు? థర్డ్ పార్టీలో తగ్గుతుందా?

విశ్వనాథం: థర్డ్ పార్టీలో తగ్గదు. అది మన బండి వల్ల పరాయివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, ఇంజిన్ సైజుని బట్టి ప్రభుత్వం పెట్టిన రేటు. 2022 జూన్ లెక్క ప్రకారం మన కారుకి, 1000 నుంచి 1500 సీసీలోపు కనక, ఏడాదికి 3,416. బైకు 150 దాటింది కనక 1,366. ఏ కంపెనీలో తీసుకున్నా అంతే, కలిపి తీసుకున్నా అంతే, విడివిడిగా తీసుకున్నా అంతే.

అనసూయ: అయితే మీ ఫ్లోటర్ తేలేది ఎక్కడ?

విశ్వనాథం: ఓన్ డ్యామేజ్ భాగంలో. అంటే మన బండికి మనకే జరిగే నష్టం. ఫ్లోటర్ దానికే.

అనసూయ: ఆ భాగంలోనే కదా మీ నో క్లెయిమ్ బోనస్ కూడా ఉండేది? లేదా, ‘ఉండేది’ అని ఆపేయాలా?

విశ్వనాథం: పాత విషయాలు ఇప్పుడెందుకు.

అనసూయ: పాతవేంటి! మొదటి ఏడాది క్లెయిము లేకపోతే ప్రీమియంలో 20 శాతం తగ్గింపు, తర్వాత 25, 35, 45, అయిదేళ్లు దాటితే 50 అని మీరే వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పేవారు. 45 దాకా వచ్చారు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే సగానికి సగం. అప్పుడేమో బంపరుకి బొటనవేలంత గీత పడిందని క్లెయిము చేశారు. బోనస్ సున్నా!

విశ్వనాథం: సున్నా కాదు. కిందటేడు క్లెయిము లేదు కనక మళ్లీ 20కి వచ్చాను.

అనసూయ: ఎల్‌కేజీలో మళ్లీ చేరారన్నమాట. నా స్కూటర్ చూడండి. కొన్నప్పట్నుంచి ఒక్క క్లెయిము లేదు. నా బోనస్ ఈపాటికి ఎంత పేరుకుందో! దాన్ని మీ కారుకి అరువిస్తాను, అడగండి.

విశ్వనాథం: స్కూటర్ బోనస్ కారుకి పనికిరాదు. బోనస్ బండిది కాదు, మనిషిది. నిజమే. కానీ కారుది ఇంకో కారుకి, టూవీలర్‌ది ఇంకో టూవీలర్‌కి, అంతవరకే. (చెయ్యి చాపి) ఏదీ, అంత పేరుకున్న బోనస్ ఏదో కళ్లారా చూస్తాను. ఆ కాగితం ఇటివ్వు.

(అనసూయ గర్వంగా బయటికి వెళ్లి, స్కూటర్ సీటు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెస్తుంది. అందులో ఎనిమిది మడతలు పడి, మడత దగ్గర అక్షరాలు అరిగిపోయిన కాగితం.)

అనసూయ: ఇదిగో. అయిదేళ్ల పాలసీ. షోరూమ్‌లోనే కట్టించాను. మీలాగా ఏటేటా ఫోన్లు చేయించుకునే రకం కాదు నేను.

విశ్వనాథం: (కళ్లజోడు పైకి తోసి) అయిదేళ్లు... ఊఁ... అనసూయా, ఈ వరస ఒకసారి చదువు. గట్టిగా చదువు.

అనసూయ: ‘థర్డ్ పార్టీ, అయిదు సంవత్సరాలు.’ చెప్పానా!

విశ్వనాథం: దాని పైన?

అనసూయ: ‘ఓన్ డ్యామేజ్...’ (గొంతు తగ్గుతుంది) ‘ఒక సంవత్సరం.’

విశ్వనాథం: ఇంకొంచెం గట్టిగా. వినబడలేదు.

అనసూయ: వినబడింది మీకు!

విశ్వనాథం: 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి అయిదేళ్లు, కొత్త కారుకి మూడేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదే. తర్వాత ఏటా మనమే కట్టుకోవాలి. నీది ఎప్పుడో చచ్చిపోయింది. థర్డ్ పార్టీ బతికే ఉంది కనక పోలీసులు ఆపినా ఏమీ అనలేదు, నీకూ తెలియలేదు. గడువు దాటి 90 రోజులు గడిస్తే ఉన్న బోనస్ కూడా పోతుంది. నీ బోనస్ ఎంతో తెలుసా? మనిద్దరి లోనూ నేనే యూకేజీ!

(ఇలాంటి విజయాలు విశ్వనాథానికి ఏడాదికొకటి వస్తాయి. రెండు నిమిషాలకి మించి నిలవవు. ఈసారీ నిలవలేదు.)

అనసూయ: (బల్ల మీది కాగితాలు తిరగేస్తూ) అవునుగానీ, ఈ ‘ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్, 15 లక్షలు’ ఏంటి? కారు పాలసీలో ఉంది, బైకు పాలసీలోనూ ఉంది.

విశ్వనాథం: అది తప్పనిసరి. ఓనరు బండి నడుపుతూ పోతే...

అనసూయ: రెండు బళ్ల మీదా ఒకేసారి పోతారా?

విశ్వనాథం: శుభమా అని పాలసీ గురించి మాట్లాడుకుంటుంటే చావు మాటలేంటే!

అనసూయ: ఇన్సూరెన్సంటేనే చావు మాటలండీ. మీ ఫోన్‌లోనే రాసి ఉంది, చదవండి. 2019 జనవరి నుంచి ఈ కవరు ఒక మనిషికి ఒకటుంటే చాలు. ఎన్ని బళ్లున్నా సరే, ఒక పాలసీలో ఉంటే రెండోదాంట్లో కట్టక్కర్లేదు. ఇన్నేళ్లుగా మీరు రెండు చోట్లా కడుతున్నారు!

విశ్వనాథం: వాడు టిక్కు పెట్టాడు, నేను కట్టాను.

అనసూయ: ఆ టిక్కు తీయించడానికి ఫ్లోటరేం అక్కర్లేదు. ఒక మాట చెబితే చాలు. (ఇంకా కిందకి చదివి) ఆగండాగండి. కారు పాలసీలో నామినీ నేను. బైకు పాలసీలో నామినీ... అత్తయ్యగారా?

విశ్వనాథం: అది పెళ్లికి ముందు కొన్న బైకు!

అనసూయ: పాలసీ ఏటా కొత్తదే కదా. ఏటా అత్తయ్యగారే!

విశ్వనాథం: సరే, సరే. బైకులో ఆ కవరు తీసేస్తాను. నామినీ గొడవ దానంతటదే తీరిపోతుంది.

అనసూయ: తీరిపోయింది కవరు. గొడవ కాదు.

(విశ్వనాథం మాట మార్చే దారి కోసం వెతుకుతాడు. కిటికీలోంచి స్కూటర్ కనబడుతుంది.)

విశ్వనాథం: ముందు నీ స్కూటర్‌కి ఓన్ డ్యామేజ్ కట్టాలి. ఈ రాత్రికే ఆన్‌లైన్‌లో కట్టేస్తాను. అదేంటి, వెనక మడ్‌గార్డు విరిగింది? టెయిల్ ల్యాంపు పగిలింది! ఎప్పుడు?

అనసూయ: మొన్న. అయిదేళ్ల పాలసీ ఉంది కదా, క్లెయిము చేద్దామని ఊరుకున్నాను.

విశ్వనాథం: ఇప్పుడు కట్టినా ముందే జరిగిన దెబ్బకి పైసా రాదు. నడపడం చేతకానప్పుడు...

అనసూయ: నేను నడపలేదు. స్టాండు వేసి ఉంది, గేటు లోపల. పొద్దున్నే మీరు కారు రివర్స్ చేశారు. ‘ఏదో తగిలిందే’ అన్నాను. ‘గేటులే’ అన్నారు.

విశ్వనాథం: గేటే.

అనసూయ: గేటు రంగు నలుపు. మీ బంపరు మీద నీలం గీత ఉంది, అరచేతి పొడుగున. ఆ గీతకి క్లెయిము చేస్తే మీ ఇరవయ్యీ పోతుందని రెండ్రోజులుగా దాని మీద తడిబట్ట ఆరేస్తున్నారు. నేను చూడలేదనుకున్నారా?

విశ్వనాథం: (చిన్నగా) అది తుడుద్దామని...

అనసూయ: మీ కారు పాలసీలో ఇదిగో, ‘థర్డ్ పార్టీ ఆస్తి నష్టం, 7,50,000.’ ఇది ఎవరికోసం?

విశ్వనాథం: మన కారు వల్ల పరాయివాళ్ల ఆస్తికి నష్టం జరిగితే.

అనసూయ: స్కూటర్ ఓనరు ఎవరు?

విశ్వనాథం: నువ్వు... కానీ అనసూయా...

అనసూయ: ఒకే యజమాని కాదు కనక ఒకే పాలసీలోకి రానన్నారు. యజమాని వేరు అన్నారు. అయితే నేను థర్డ్ పార్టీనే!

విశ్వనాథం: భార్య థర్డ్ పార్టీ ఏంటే! అయినా థర్డ్ పార్టీ క్లెయిమంటే మాటలా? పోలీసు స్టేషన్‌లో కేసు పెట్టాలి, ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, సాక్షి కావాలి.

అనసూయ: సాక్షి మీ అమ్మగారు. ఆవిడ వరండాలోనే కూర్చుని చూశారు. నామినీ హోదాలో చెబుతారో, సాక్షి హోదాలో చెబుతారో ఆవిడిష్టం. (ఫోన్ కెమెరా తెరిచి కారు వైపు నడుస్తూ) కాస్త పక్కకి జరగండి, నంబరు ప్లేటు పడట్లేదు. డ్రైవరు కూడా ఫొటోలో ఉండాలంటారా, అక్కర్లేదా?