గోడ కుర్చీ వేస్తే బీపీ తగ్గుద్దా? వదినతో నా వాదన

మా వదినకి 52 ఏళ్ళు. ఏడాదిగా బీపీ మాత్ర వేసుకుంటోంది, పొద్దున్నే వాకింగ్‌కి కూడా వెళ్తుంది. దాంతోపాటు కాస్త బరువులు కూడా ఎత్తు వదినా అన్నా, అంతే, మొదలైంది.

వదిన: బీపీ ఉన్నోళ్ళు బరువులెత్తకూడదని ఊరంతా చెప్తుంటే నువ్వేంటి ఎత్తమంటావ్? నీళ్ళ టిన్ను ఎత్తితేనే నాకు మొహం కందిపోయి చెవుల్లో గుయ్యిమంటది.

నేను: ఊపిరి బిగబట్టి ఎత్తుతావ్ కదా, అందుకు.

వదిన: అంటే పెరుగుద్దని నువ్వే ఒప్పుకున్నట్టేగా!

నేను: ఎత్తేటప్పుడు పెరుగుద్ది, కాదనట్లేదు. 1985లో బాడీ బిల్డర్ల రక్తనాళంలోకి సన్న గొట్టం పెట్టి కొలిచారు, కాళ్ళతో భారీ బరువు తోసేటప్పుడు సగటున 320/250 దాకా వెళ్ళింది. కానీ వాళ్ళు తోసింది ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి, ఊపిరి బిగబట్టి. బరువు దించగానే క్షణాల్లో దిగిపోద్ది, ఆ తర్వాత కొన్ని గంటలు మామూలు కంటే కాస్త తక్కువే ఉంటది. బరువులెత్తడం నెలల తరబడి చేస్తే మామూలప్పటి బీపీ కూడా తగ్గుద్ది. 2023లో 270 ట్రయల్స్, దాదాపు 16 వేల మంది లెక్కలు కలిపి చూశారు, బరువులతో పై నంబర్ నాలుగున్నర పాయింట్లు తగ్గింది, వాకింగ్ లాంటి వాటితోనూ ఇంచుమించు అంతే, కదలకుండా కండ బిగించి ఉంచేవాటితో అయితే 8. స్కూల్లో అల్లరి చేస్తే మాస్టారు గోడ కుర్చీ వేయించేవాడే, అదే.

వదిన: నాలుగున్నరకా ఇంత గోల! నా మాత్ర అంతకంటే ఎక్కువే తగ్గిస్తది. ఆ బాడీ బిల్డర్లు మగాళ్ళు. నా ఈడు ఆడవాళ్ళని విడిగా ఎంతమందిని చూశారు? వీధి చివర జిమ్ కుర్రాడు ఫీజు అడిగాడు గానీ నీకు బీపీ ఉందా అని అడిగాడా?

నేను: అడగలేదు, అది పెద్ద తప్పే. ఆడవాళ్ళ మీద పరిశోధన తక్కువన్నదీ నిజమే. మాత్ర మానమని నేను అనట్లేదు వదినా, దాంతోపాటు చెయ్యమంటున్నా.

వదిన: మోసింది చాల్లే. ఇరవై ఏళ్ళు బిందెలు మోశా, పిండి రుబ్బా, పిల్లల్ని చంకనేసుకుని వంట చేశా. బరువులెత్తితే బీపీ రాదనుకుంటే నాకెందుకొచ్చింది? మీ అన్నయ్య తిన్న కంచం కూడా తీయడు, ఆయనకి లేదు!

నేను: అన్నయ్య సంగతి ఇప్పుడెందుకు.

వదిన: ఎందుకేంటి, ఇంటిపని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అందుకు.

నేను: సరే, అది నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ మోత నీ ఒంటిని అరగదీసింది, బలం పెంచేలా జరగలేదు. తేలిగ్గా మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి, మధ్యలో రెస్ట్ ఉండాలి. బిందె మోసేటప్పుడు రెస్ట్ ఎవరిచ్చారు నీకు? నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోద్ది, రక్తనాళాలు బిరుసెక్కుతాయి, కండ కరుగుద్ది. మన రెండు రాష్ట్రాల్లో 15 దాటిన ఆడవాళ్ళలో నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువుందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, అయినా మనకి వాకింగ్ తప్ప ఇంకోటి చెప్పేవాళ్ళే లేరు. లీటర్ వాటర్ బాటిల్స్ రెండు తీసుకో, ఎత్తేటప్పుడు ఊపిరి వదులు, దించేటప్పుడు పీల్చు, పది సార్లు, వారానికి రెండు రోజులు. పొద్దున 180/110 దాటితే ఆ రోజు ముట్టుకోకు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

వదిన: గోడ కుర్చీ ఎంతసేపు?

నేను: ట్రయల్స్‌లో రెండు నిమిషాలు, నాలుగు సార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగి. నువ్వు ఇరవై సెకన్లతో మొదలుపెట్టు.

వదిన: సోమవారం ఎలాగూ డాక్టర్ దగ్గరికి పోతున్నా, ఆయన వద్దంటే మళ్ళీ ఈ మాట నా దగ్గర ఎత్తకు.

నేను: ఎత్తను. సరే అంటే?

వదిన: అంటే నేనివి చేసే ఆ కాసేపు రాత్రి గిన్నెలు మీ అన్నయ్య తోమాలి. ఆ సంగతి నువ్వే చెప్పు ఆయనకి.